పాట్ మార్చే ముందు మీటర్ పెట్టి చూడు

హారికా,

నువ్వు సొంతంగా చేసుకున్న గిటార్ మోగుతోందని చదివి చాలా సంతోషించాను. చెక్క కోయడం, ఫ్రెట్లు దిగ్గొట్టడం, పికప్ బిగించడం అన్నీ దాటి వచ్చి, ఇప్పుడు ఒక్క వాల్యూమ్ నాబ్ దగ్గర ఆగిపోయావు. నాబ్‌ను సున్నాకు తిప్పినా శబ్దం ఆగడం లేదనీ, కొంచెం తగ్గి దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తోందనీ, నాబ్ కింది పాట్ (పొటెన్షియోమీటర్) చెడిపోయింది కాబట్టి ఈ శనివారం కోఠీ వెళ్లి కొత్తది తెచ్చి వేస్తాననీ రాశావు. కోఠీ తప్పకుండా వెళ్లు, గుజరాతీ గల్లీలో నీకు పనికొచ్చేవి చాలా దొరుకుతాయి. పాట్ మాత్రం ఇప్పుడే కొనవద్దు. నువ్వు రాసిన లక్షణాన్ని బట్టి చూస్తే ఆ పాట్ బాగానే ఉండాలి. ఎందుకలా అంటున్నానో వివరంగా రాస్తాను. పెద్దవాడు చెప్పాడని నమ్మనక్కర్లేదు, మీటర్ పెట్టి నువ్వే తేల్చుకోవచ్చు.

ముందు ఒక తేడా గమనించాలి. దుకాణంలో కొన్న గిటార్ నాలుగేళ్లు వాయించాక వాల్యూమ్ పనిచేయడం మానేసిందనుకో. అందులో వైరింగ్ సరిగ్గా ఉండేదని మనకు ముందే తెలుసు, నాలుగేళ్లు పనిచేయడమే అందుకు రుజువు. అరిగిందేదో, ఊడిందేదో వెతికితే చాలు. అలాంటి చోట పాట్‌ను అనుమానించడంలో అర్థం ఉంది, గిటార్ ఎలక్ట్రానిక్స్‌లో రోజూ తిరిగి తిరిగి అరిగే భాగం అదే కనుక. ఇంట్లో చేసిన గిటార్ సంగతి వేరు. అది ఇంతకుముందు ఒక్కరోజు కూడా సరిగ్గా పనిచేయలేదు. దాన్ని చెడిపోయిన గిటార్ అనడం కంటే ఇంకా పూర్తి కాని గిటార్ అనడం న్యాయం. ఒక వైరు వేయాల్సిన కాలికి కాక పక్క కాలికి వేసి ఉండవచ్చు, అసలు వేయడమే మరచి ఉండవచ్చు, సోల్డర్ పట్టినట్టు కనిపించి పట్టకపోయి ఉండవచ్చు. పాట్ యంత్రాల మీద తయారై వచ్చింది. దాని కాళ్లకు పడిన అతుకులు నువ్వు మొదటిసారి ఐరన్ పట్టుకుని వేసినవి. ఈ రెండింటిలో దేన్ని ముందు అనుమానించాలో నీకే తెలుస్తుంది. ‘పాట్ మార్చేస్తే పోతుంది’ అన్న సలహా పాత గిటార్లను బట్టి పుట్టింది. దాన్ని కొత్త గిటార్‌కు తెచ్చి వాడితే, వైరింగ్ అంతా ఒప్పేనని పరీక్షించకుండానే ఒప్పేసుకున్నట్టవుతుంది.

ఇప్పుడు పాట్ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గుర్రపు నాడా ఆకారంలో ఒక కార్బన్ పట్టీ ఉంటుంది. దాని రెండు కొసలూ రెండు పక్కల కాళ్లు. పట్టీ మీద జారే చిన్న రేకు నడిమి కాలు. పికప్ నుంచి వచ్చే వేడి వైరు, అంటే సిగ్నల్ మోసే వైరు, ఒక పక్క కాలికి, జాక్‌కు వెళ్లే వైరు నడిమి కాలికి, రెండో పక్క కాలు గ్రౌండ్‌కు వేయాలి. చాలామంది వాల్యూమ్ కంట్రోల్ అంటే శబ్దానికి అడ్డుపడే వస్తువు అనుకుంటారు. అడ్డుపడటం దాని పనిలో సగం మాత్రమే. పంటకాలువ నీటిని తూము దగ్గర రెండు పాయలు చేసి ఒకటి పొలానికీ ఒకటి మురుగుకూ వదిలినట్టు, పాట్ పికప్ నుంచి వచ్చిన సిగ్నల్‌ను రెండు భాగాలు చేస్తుంది. నాబ్ తగ్గించేకొద్దీ జాక్ వైపు దారి ఇరుకై గ్రౌండ్ వైపు దారి వెడల్పవుతుంది. సున్నా దగ్గర జాక్ నేరుగా గ్రౌండ్‌కు తగులుతుంది కాబట్టి నిశ్శబ్దం. ఆ గ్రౌండ్ దారి తెగిపోయిందనుకో, పాట్ చేయగలిగింది దారిలో అడ్డుగా నిలబడటం ఒక్కటే.

ఆ అడ్డు ఎంతో లెక్కవేస్తే నీ గిటార్ ఎందుకలా మోగుతోందో తెలిసిపోతుంది. సింగిల్ కాయిల్ పికప్‌కు మామూలుగా 250 కిలో ఓమ్‌ల పాట్ వేస్తారు, నువ్వు వేసింది కూడా అదే. గిటార్ యాంప్లిఫయర్ ఇన్‌పుట్ సాధారణంగా ఒక మెగా ఓమ్, అంటే వెయ్యి కిలో ఓమ్‌లు. వెయ్యి ముందు 250 అడ్డుపెడితే వోల్టేజిలో అయిదింట నాలుగు వంతులు యాంప్‌కు చేరిపోతూనే ఉంటాయి. డెసిబెళ్లలో చెప్పాలంటే తగ్గేది సుమారు రెండు. చెవికి అది తగ్గీ తగ్గనట్టే ఉంటుంది. మరి మొద్దుబారడం ఎందుకు? గిటార్ కేబుల్ మీటరుకు దాదాపు వంద పికోఫారడ్లు, కొన్ని రకాలైతే ఇంకాస్త ఎక్కువ కెపాసిటీతో ఉంటుంది. అయిదు మీటర్ల కేబుల్ అంటే 500 పికోఫారడ్లు అనుకుందాం. 250 కిలో ఓమ్‌ల అడ్డు, దాని వెనక ఈ కెపాసిటీ కలిస్తే 1.5 కిలోహెర్ట్జ్ దాటినప్పటి నుంచి స్వరాలు క్రమంగా సన్నగిల్లుతాయి. తీగ మీద పిక్ తగిలినప్పుడు వచ్చే మెరుపంతా ఆ పైనే ఉంటుంది. ఫలితంగా శబ్దం ఆగదు, కొద్దిగా తగ్గి మొద్దుబారుతుంది. నువ్వు రాసిన వాక్యం సరిగ్గా ఇదే. కార్బన్ పట్టీ పగిలి ఉంటే ఇలా మోగదు. నాబ్ తిప్పేటప్పుడు ఏదో ఒక చోట శబ్దం ఒక్కసారిగా తెగిపోతుంది లేదా ఎగిరిపడుతుంది. నీ గిటార్‌లో మొదటి నుంచి చివరిదాకా మెల్లగా, నునుపుగా మారుతోంది. పట్టీ బాగుందనడానికి అంతకన్నా మంచి సూచన లేదు.

‘పాట్ ఎంత, చవకే కదా, మార్చి చూస్తే పోలేదా’ అని నీకు అనిపిస్తుందని తెలుసు. ఈ వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. డబ్బు లెక్కన చూస్తే నిజంగానే అది పెద్ద విషయం కాదు. కానీ పాట్ మార్చడమంటే పాట్ ఒక్కటే మారదు. మూడు కాళ్ల అతుకులూ విప్పాలి, మళ్లీ వేయాలి, పాట్ వీపు మీద గ్రౌండ్ వైర్లన్నీ ఊడదీసి మళ్లీ అతకాలి. ఆ పనిలో పాత తప్పు తెలియకుండానే సరైపోవచ్చు. అప్పుడు పాట్ చెడిపోయిందనే నిర్ధారణకు వస్తావు. అది అబద్ధం, పైగా తర్వాతి గిటార్‌కు కూడా వెంట వస్తుంది. లేదా పాత తప్పును చూసి చూసి అలాగే మళ్లీ వేస్తావు, ఎందుకంటే విప్పేటప్పుడు ఎక్కడ ఏ వైరు ఉందో కాగితం మీద రాసుకుని అదే క్రమంలో అతుకుతావు. అప్పుడు కొత్త పాట్ కూడా అలాగే మోగుతుంది. ఇక కొత్త పాట్ కూడా చెడ్డదేమోనని, పికప్ చెడ్డదేమోనని, యాంప్ చెడ్డదేమోనని అనుమానం పెరుగుతూ పోతుంది. మూడోది, ఆరంభంలో అందరికీ జరిగేది: కాలి మీద ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ఆ వేడికి లోపలి పట్టీ దెబ్బతింటుంది. బాగున్న పాట్‌ను తీసేసి, వేడితో పాడైన పాట్‌ను పెట్టుకున్నట్టవుతుంది.

ఇంట్లో చేసిన గిటార్లలో బాగా ప్రసిద్ధికెక్కిన ఒకదాని సంగతి ఇక్కడ చెప్పాలి. క్వీన్ బృందంలో వాయించే బ్రయన్ మే తన తండ్రి హెరాల్డ్‌తో కలిసి 1963లో రెడ్ స్పెషల్ అనే గిటార్ చేయడం మొదలుపెట్టాడు. దాని మెడ పాత నిప్పుగూటి చట్రపు చెక్క, ట్రెమెలోలో మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు. పికప్‌లు కూడా మొదట సొంతంగానే చుట్టుకున్నాడు. తీగను పక్కకు లాగి వాయిస్తే అవి వింత చప్పుడు చేసేవి. అయస్కాంతపు ఉత్తర దక్షిణ ధ్రువాలను అమర్చిన తీరు వల్ల తీగ పక్కకు జరిగినప్పుడల్లా అలా అవుతోందని తెలుసుకున్నాకే వాటిని తీసి, బర్న్స్ ట్రై-సోనిక్ పికప్‌లు కొని వేశాడు. అవి కూడా కీచుమనకుండా అరాల్డైట్ పోసి గట్టిపరిచాడు. భాగం మార్చడం తప్పని నేను అనడం లేదని ఇది చూస్తే నీకు అర్థమవుతుంది. ఆయనా మార్చాడు. కారణం చేతికి చిక్కాక మార్చాడు కాబట్టి, కొత్త పికప్‌లో ఏం ఉండాలో, ఏం ఉండకూడదో తెలిసి ఎంచుకోగలిగాడు.

ఇక కొలత సంగతికి వస్తాను. దీనికి గిటార్ విప్పనక్కర్లేదు. యాంప్ నుంచి కేబుల్ ఊడదీసి ఒక కొస గిటార్ జాక్‌లో పెట్టు. రెండో కొసలో ఉన్న ప్లగ్ మొనకు మీటర్ ఎర్ర ముల్లు, ప్లగ్ ఒంటికి నల్ల ముల్లు ఆనించు. పసుపురంగు చవక మల్టీమీటర్ చాలు, దాన్ని ఓమ్‌ల వైపు 200కె మీద పెట్టు. వాల్యూమ్ పదిలో ఉంచితే పికప్ చుట్ట ఒక్కటే కనిపిస్తుంది, సింగిల్ కాయిల్ కాబట్టి ఆరేడు కిలో ఓమ్‌ల అంకె రావాలి. ఇప్పుడు నాబ్‌ను మెల్లగా తగ్గిస్తూ అంకెను చూడు. వైరింగ్ సరిగ్గా ఉన్న గిటార్‌లో ఆ అంకె ఎక్కుతూ పోయి సుమారు 64 దగ్గర శిఖరం చేరి, అక్కడి నుంచి దిగి సున్నాకు వస్తుంది. ఎందుకంటే నడిమి కాలి నుంచి గ్రౌండ్‌కు రెండు దారులు ఉంటాయి. పికప్ మీదుగా ఒకటి, పట్టీ కింది భాగం మీదుగా ఇంకొకటి. రెండూ సమానమైన చోట మొత్తం నిరోధం గరిష్ఠమవుతుంది. పాట్, పికప్ కలిపి 256 అనుకుంటే అందులో నాలుగో వంతు 64. గ్రౌండ్ కాలు తెగి ఉన్న గిటార్‌లో ఈ శిఖరం ఉండదు, దిగడమూ ఉండదు. అంకె ఎక్కుతూనే పోయి 200 దాటగానే మీటర్ ఎడమ పక్కన ఒంటరిగా 1 చూపించి ఊరుకుంటుంది. దాన్ని ఒక ఓమ్ అని చదవకు, ‘నా కొలతకు అందడం లేదు’ అని దాని అర్థం. అప్పుడు 2000కె మీదకు మార్చి చూడు, సున్నా దగ్గర 256కు అటూ ఇటూగా వస్తుంది. పాట్లలో ఇరవై శాతం తేడా మామూలే, కాబట్టి 210 వచ్చినా 300 వచ్చినా కంగారుపడకు. చూడాల్సింది అంకె ఎక్కి దిగుతోందా, ఎక్కుతూనే ఉందా అన్నది. టోన్ కంట్రోల్ ఈ కొలతను చెడగొడుతుందేమోనని అనుమానించకు, దాని దారిలో ఉన్న కెపాసిటర్ మీటర్ కరెంటును పోనివ్వదు.

ఈ ఒక్క కొలతలో ఇంకో సమాచారం కూడా దాగి ఉంది. శిఖరం నాబ్ మీద ఏ అంకె దగ్గర వచ్చిందో గుర్తుపెట్టుకో. ఏడు ఎనిమిది మధ్య వస్తే నీది ఆడియో టేపర్ పాట్, సరిగ్గా అయిదు దగ్గర వస్తే లీనియర్. ఇప్పుడున్న లోపం వల్ల నీకు ఈ శిఖరం కనిపించదు గానీ, బాగుచేశాక మళ్లీ కొలిచినప్పుడు చూడు.

అంకె ఎక్కుతూనే పోయిందనుకుందాం. అప్పుడు గిటార్ వెనక మూత తెరువు. పాట్ రెండు పక్కల కాళ్ల మధ్య కొలువు, వైర్లేవీ ఊడదీయకుండానే. అక్కడ 250కు దగ్గరగా వస్తే పట్టీ క్షేమమని తేలిపోయినట్టే. గమ్మత్తేమిటంటే, వైరింగ్ అంతా ఒప్పుగా ఉన్న గిటార్‌లో ఇదే కొలత తీస్తే ఆరేడు కిలో ఓమ్‌లే వస్తాయి, పికప్ ఆ రెండు కాళ్ల మధ్యే అడ్డంగా ఉంటుంది కాబట్టి. 250 అని రాసి ఉన్న పాట్ 6 చూపిస్తోందని కంగారుపడి, బాగున్న పాట్‌ను పారేసేవాళ్లు ఉంటారు. నీ గిటార్‌లో గ్రౌండ్ తెగి ఉండటం వల్లే పాట్‌ను ఊడదీయకుండా విడిగా కొలిచే వీలు దొరికింది. తర్వాత నల్ల ముల్లును జాక్ గ్రౌండ్ పలక మీద ఉంచి, ఎర్ర ముల్లును మొదట ఆ గ్రౌండ్ కాలి మీద, తర్వాత పాట్ వీపు మీద, తర్వాత జాక్ నుంచి వచ్చే గ్రౌండ్ వైరు కొస మీద వరసగా ఆనించు. ఎక్కడ పెద్ద అంకె పోయి సున్నా ఓమ్‌లు వస్తాయో, దానికీ ముందు దానికీ మధ్య అతుకే నువ్వు వెతుకుతున్నది.

నా అంచనా పాట్ వీపు మీద. కాళ్లు చిన్నవి, తేలిగ్గా వేడెక్కుతాయి. వీపు వెడల్పాటి లోహం, ఐరన్ పెట్టగానే వేడిని ఒళ్లంతా లాగేసుకుంటుంది. 25 వాట్ల ఐరన్‌తో ఎంతసేపు పెట్టినా సోల్డర్ కరిగి బొట్టులా పైన కూర్చుంటుంది గానీ లోహాన్ని తడపదు. అంచు లోపలికి గుండ్రంగా మడిచినట్టు, పైభాగం బూడిదరంగులో, గరుకుగా ఉంటుంది. గోటితో నెడితే ఒక్కోసారి ఊడి వచ్చేస్తుంది కూడా. సరైన అతుకు అంచుల దగ్గర పల్చగా పాకి లోహంలో కలిసిపోయినట్టు, మెరుస్తూ ఉంటుంది. వీపును గరుకు కాగితంతో రుద్దు, లోహం మెరుపు కనిపించేదాకా. 40 నుంచి 60 వాట్ల ఐరన్ మొనను బల్లపరుపుగా ఆనించి ముందు అక్కడ ఒక్క సోల్డర్ పొర పాకించు, వైరు కొసకూ విడిగా పొర ఎక్కించు, తర్వాత రెండూ కలిపి ఒక్కసారి వేడిచేసి తీసెయ్. మూడు నాలుగు సెకన్లలో పని అయిపోవాలి. అవకపోతే ఐరన్ అలాగే పట్టుకుని కూర్చోకు, తీసి చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించు. నీటి పైపులకు వాడే ఆమ్లపు ఫ్లక్స్ దీనికి పనికిరాదు, కొన్నాళ్లకు రాగిని తినేస్తుంది. రోజిన్ ఉన్న సోల్డర్ తీగ చాలు.

ఇంకో అనుమానం రాగి టేపు మీద. మోత తగ్గాలని గిటార్ గుంటకు లోపల టేపు అంటించావు కదా. పాట్ నట్టు ఆ టేపుకు తగులుతుంది కాబట్టి గ్రౌండ్ వైరు విడిగా వేయనక్కర్లేదనుకునేవాళ్లు చాలామంది. రాగి కరెంటును పోనిస్తుంది, నిజమే. కానీ కొన్ని టేపుల జిగురు పోనివ్వదు. ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కించి అంటిస్తే మధ్యలో జిగురే గోడ. రెండు ముక్కల మధ్య మీటర్ పెట్టి చూడు, సున్నా రాకపోతే కలిసే చోటల్లా ఒక్కో సోల్డర్ చుక్క వేయాలి. వంటింటి అల్యూమినియం రేకు అంటించి ఉంటే అది కూడా కుదరదు, మామూలు సోల్డర్ దానికి పట్టదు. ఎలాగైనా సరే, పాట్ వీపు నుంచి జాక్ గ్రౌండ్‌కు ఒక వైరు విడిగా ఉండాలి. టేపును మోత ఆపడానికి వాడు, సిగ్నల్ తిరుగుదారిగా దాన్ని నమ్ముకోకు.

‘నేను పటం చూసి, అందులో ఉన్నట్టే వేశాను’ అని నువ్వు అంటావు. పటం తప్పని నేను అనను. దాన్ని ఎటువైపు నుంచి గీశారో చూశావా అన్నదే ప్రశ్న. కడ్డీ నీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పాట్‌ను పట్టుకుంటే కుడి కాలు పది వైపు కొస. అదే పాట్‌ను గిటార్‌లో బిగించి వెనక నుంచి చూస్తే ఆ కాలు ఎడమకు వస్తుంది. వెనక నుంచి గీసిన పటాన్ని ముందు నుంచి చూసి వైర్లు వేస్తే పికప్ కాలూ గ్రౌండ్ కాలూ తారుమారవుతాయి. అప్పుడు నాబ్ తిరగేసి పనిచేస్తుంది, పదిలో నిశ్శబ్దం, సున్నాలో పూర్తి శబ్దం. నీ లోపం అది కాదు కానీ, రేపు ఈ అతుకు సరిచేసేటప్పుడు అది రాకుండా చూసుకో. ఇంకో మాట కూడా అంటావేమో, ‘మీటర్ బీప్ అంది, కాబట్టి గ్రౌండ్ ఉంది’ అని. బీప్ ఎక్కడెక్కడ ముల్లు పెడితే వచ్చిందో రాసుకో. నాబ్ సున్నా మీద ఉన్నప్పుడు నడిమి కాలికీ గ్రౌండ్ కాలికీ మధ్య బీప్ రావాల్సిందే, రేకు ఆ కొస మీదే కూర్చుని ఉంటుంది. పాట్ లోపల బాగుందని ఆ బీప్ చెబుతుంది. పాట్ బయట ఆ కాలు జాక్‌కు చేరుతోందా లేదా అనేది దానివల్ల తెలియదు.

‘సంగీతం చెవితో వినేది, ఈ అంకెలెందుకు’ అనేవాళ్లు కూడా నీకు తగులుతారు. చెవిని నేను తక్కువ చేయను. ఇప్పటిదాకా నేను చేసిన వాదనంతా నీ చెవి పట్టిన లక్షణం మీదే నిలబడింది. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే పట్టీ మీద మురికి అనో, పెడల్ నుంచో యాంప్ నుంచో డీసీ కరెంటు వెనక్కి వస్తోందనో చెవే చెబుతుంది. అదే కేబుల్‌కు ఇంకో గిటార్ తగిలించినా గరగర వస్తే తప్పు నీ గిటార్‌లో లేదు. శబ్దం పది నుంచి మూడు దాకా పెద్దగా మారక చివర్లో ఒక్కసారిగా పడిపోతే లీనియర్ పాట్ వేశావని అర్థం. ఏ అంకె మీదా శబ్దమే లేకపోతే వేడి వైరున్న కాలు ఆ రాగి టేపుకు తగులుతోందేమో చూడాలి. ఇవన్నీ చెవి ఎత్తి చూపేవే. అయితే లోపం ఉందని చెవి చెబుతుందే గానీ, ఏ అతుకులో ఉందో చూపించలేదు. లియో ఫెండర్ 1938లో ఫుల్లర్టన్‌లో తెరిచింది రేడియో రిపేర్ షాపు. గిటార్లకు మనం వేస్తున్న ఈ పాట్లు, కెపాసిటర్లు, జాక్‌లు అన్నీ ఆ రేడియోల కాలపు సామానే. రేడియో మెకానిక్‌లు వాడిన పద్ధతి కూడా వాటితోపాటు తెచ్చుకోవాలని నా కోరిక: చెవితో విని మీటర్‌తో వెతకడం.

వెతికే తొందరలో ఒక్క విషయం మరవకు. గిటార్ లోపల ఉన్న సిగ్నల్ ఒక వోల్టుకు అటూ ఇటూ, దానివల్ల ప్రమాదం లేదు. యాంప్‌ను మాత్రం విప్పకు. వాల్వుల యాంప్ అయితే ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. గిటార్ తీగలు వంతెన మీదుగా గ్రౌండ్‌కు, గ్రౌండ్ కేబుల్ మీదుగా యాంప్ చట్రానికి కలిసి ఉంటాయి. గోడలోని మూడో రంధ్రానికి ఎర్త్ నిజంగా ఉంటేనే ఆ చట్రం భద్రం. మన ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలు ఉన్నా వెనక ఎర్త్ వైరు లేనివి ఇంకా చాలా ఉన్నాయి. 1972లో స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఒక చేత్తో గిటార్ పట్టుకుని, సరిగ్గా ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదే చనిపోయాడు. తీగ ముట్టుకుంటే ఎప్పుడైనా చెయ్యి జిల్లుమంటే వాయించడం ఆపి, యాంప్ స్విచ్ గోడ దగ్గరే తీసేసి, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. మీ నాన్నకు కూడా ఈ మాట చెప్పు.

అతుకు సరయ్యాక నాబ్ సున్నాలో నిశ్శబ్దం వస్తుంది. కానీ ఏడు మీదకో ఆరు మీదకో తగ్గించినప్పుడు మెరుపు కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు. పాత లోపం మళ్లీ వచ్చిందని గిటార్ విప్పకు. పట్టీ పై భాగం పికప్‌కు వరసగా నిలిచినప్పుడు కేబుల్ కెపాసిటీ కొంత హైనోట్లను మింగడం అన్ని గిటార్లలోనూ ఉంటుంది. అది నీకు నచ్చకపోతే పికప్ కాలికీ నడిమి కాలికీ మధ్య ఒక నానోఫారడ్ కెపాసిటర్ వేస్తే మెరుపు నిలుస్తుంది, దానికి పక్కపక్కగా 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే మరీ సన్నబడకుండా ఉంటుంది. అది రుచిని బట్టి చేసే మార్పు. ముందు కొన్ని వారాలు అది లేకుండానే వాయించి చూడు. వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే ఆ మెత్తదనం కావాలనే నాబ్ తగ్గించి వాయించేవాళ్లు కూడా ఉన్నారు.

కొలతలన్నీ నా మాటను తప్పని తేల్చవచ్చు, అదీ చెబుతాను. మీటర్ 2000కె మీద ఉన్నా రెండు పక్కల కాళ్ల మధ్య పెద్ద అంకె కూడా రాకుండా ఒంటరి 1 వస్తే, లేదా నాబ్ తిప్పుతున్నప్పుడు జాక్ దగ్గర అంకె ఒక చోట గెంతితే, అప్పుడు పాట్ నిజంగానే పోయిందన్నమాట. అలాంటప్పుడు దుకాణంలో 250కె అని మాత్రం అడిగి తెచ్చుకోకు. ఒంటి మీద ‘ఏ’ (A) అక్షరం ఉన్నది తీసుకో, ఇప్పుడొచ్చే పాట్లలో అది ఆడియో టేపర్, బి అంటే లీనియర్. నీ నాబ్ లోపల పళ్లు ఉంటే చీలిక కడ్డీ ఉన్నదే పడుతుంది. నీ గిటార్ పైచెక్క మందంగా ఉంటే పొడుగు మరలున్నది కావాలి, లేకపోతే నట్టు అందదు. కొలిచిన అంకెలు చీటీ మీద రాసుకుని వెళ్లు.

శనివారంలోపు జాక్ దగ్గర మూడు అంకెలు తీసి నాకు రాసి పంపు: నాబ్ పదిలో ఒకటి, అయిదులో ఒకటి, సున్నాలో ఒకటి. పాట్ పక్క కాళ్ల మధ్య వచ్చింది నాలుగోది. వీలైతే పాట్ వీపు ఫోటో కూడా దగ్గర నుంచి, వెలుతురులో తీసి పంపు. సున్నాలో అంకె 256 దగ్గర ఉంటే కోఠీలో కొనాల్సింది 60 వాట్ల ఐరన్, సన్నటి రోజిన్ సోల్డర్ తీగ, ఒక గరుకు కాగితం.

ఆశీస్సులతో,
పెదనాన్న